ప్రివ్యూలో కనిపించని పత్తి ఫారం

వరంగల్

ప్రియమైన రమణకు,

మీ ఆఫీసులో అవుట్‌లుక్ (ఈమెయిల్ ప్రోగ్రాము) ఫారాలు, సందేశం తెరవకుండానే చూపే ప్రివ్యూలో సరిగా కనిపించడం లేదని నువ్వు రాసిన ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరం క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, చెల్లికి హనుమకొండలోనే ఉద్యోగం దొరికింది. మిగతా కబుర్లు మళ్లీ రాస్తాను. మా జిన్నింగ్ మిల్లు ఆఫీసులో జరిగిన సంగతి ముందు నీకు చెప్పనిదే నా మనసు నిలవదు.

ఏనుమాముల మార్కెట్ నుంచి పత్తి బండి రాగానే, కాంటా దగ్గరి గుమస్తా అవుట్‌లుక్‌లో మేము తయారుచేసుకున్న ఫారం నింపి ఆఫీసుకు పంపుతాడు. అందులో బండి నంబరు, నికర తూకం, తేమ శాతం ఉంటాయి. తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే సీసీఐ (కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ) కొనదు. కాబట్టి ఆ ఒక్క అంకె మీదే రైతు ఆశంతా ఉంటుంది. మా మేనేజరు గారు సందేశాలను తెరవరు, జాబితాలో ఒక్కొక్కటే దిగుతూ పక్కనున్న ప్రివ్యూలోనే చదువుతారు. అక్కడేమో కొన్ని సందేశాలకు ‘ఇందులో యాక్టివ్ కంటెంట్ (దానంతటదే నడిచే కోడ్) ఉంది, తెరిచి చదవండి’ అన్న హెచ్చరిక, మరికొన్నింటికి ఉత్త తెల్లదనం. ఆయన ఖాళీ సందేశమనుకుని ముందుకు పోతుంటే, బయట రైతు ఎండలో నిలబడి ఉండేవాడు. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

మన మూడో బెంచీ న్యాయం నీకు గుర్తుంది కదా, దోషి కంటే ముందు సాక్షిని విచారించాలి! అలాగే మొదట హెచ్చరిక వచ్చిన సందేశాలను మాత్రమే విడదీసి చూశాను. వాటిలో కొన్ని పాత ఫారంతో వచ్చినవి. దాని ప్రాపర్టీస్ పేజీలో ‘సెండ్ ఫారం డెఫినిషన్ విత్ ఐటెమ్’ అన్న గడిలో టిక్ ఉంది. అలా ఉంటే ప్రతి సందేశమూ తన ఫారాన్ని తనతోనే మోసుకొస్తుంది, అవుట్‌లుక్ దాన్ని నమ్మదు. టిక్ తీసేసి, ఫారాన్ని సంస్థ ఫారముల లైబ్రరీలో ప్రచురించాను. ఫారముల కాష్‌ను (కంప్యూటరు దాచుకున్న కాపీలను) కూడా ఖాళీ చేశాను, లేకపోతే కంప్యూటరు పాత నమూనానే చూపిస్తూ ఉంటుంది. అయినా హెచ్చరిక పూర్తిగా పోలేదు. తేమను బట్టి ధరలో కోత లెక్కించడానికి ఫారంలో వీబీస్క్రిప్ట్ అనే భాషలో రాసిన చిన్న ప్రోగ్రాము (స్క్రిప్టు) ఉంది. స్క్రిప్టు ఉన్న సందేశాన్ని తెరవకుండానే చూపించడం ప్రమాదమని అవుట్‌లుక్ భావించడం నాకు సబబుగానే తోచింది. పైగా 2017 నుంచి భద్రతా సవరణల వల్ల ఇలాంటి స్క్రిప్టులు ముందుగా అనుమతి ఇస్తేనే నడుస్తున్నాయి. అందువల్ల స్క్రిప్టును తీసేసి, అదే లెక్కను ఖానాకే సూత్రంగా ఇచ్చాను.

హెచ్చరిక పోయింది, తెల్లదనం మిగిలింది! ఆ సాయంత్రం నాకు కలిగిన నిరుత్సాహం ఎలా చెప్పను, భద్రకాళి చెరువు గట్టున నువ్వు నాతో అన్న మాట... సరే, అది కలిసినప్పుడు మాట్లాడుకుందాం. అసలు విషయం తర్వాత తెలిసింది. ప్రివ్యూ మనం గీసిన పేజీని చూపించదు, సందేశం శరీరాన్ని (మామూలుగా మాటలు రాసే భాగాన్ని) తన సొంత పద్ధతిలో చూపుతుంది. మన ఖానాలు వేరే పేజీలో ఉన్నాయి, శరీరం ఖాళీగా ఉంది. అంటే హెచ్చరికకు ఒక కారణం, తెల్లదనానికి ఇంకొకటి. రెండూ ఒకే జబ్బు అనుకున్నంత కాలం ఎవరికీ మందు దొరకదు.

మందు 2007 అవుట్‌లుక్‌తోనే వచ్చింది, దాని పేరు ఫారం రీజియన్. ఖానాలను ‘అడ్జాయినింగ్’ రకం రీజియన్‌గా చేస్తే అది మామూలు సందేశం కింద అతుక్కుని ప్రివ్యూలో కూడా కనిపిస్తుంది, ‘సెపరేట్’ రకమైతే కనిపించదు. పాత పేజీలను పక్కన పెట్టి, అవే ఫీల్డులకు కట్టిన రీజియన్‌ను తయారుచేసి, దాని ఎక్స్‌ఎంఎల్ వివరాన్ని ప్రతి కంప్యూటరు రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచే చోట) మా ఫారం మెసేజ్ క్లాస్ (సందేశం ఏ ఫారానిదో చెప్పే గుర్తు) పేరు కింద నమోదు చేశాను. అవుట్‌లుక్‌ను మూసి తెరవగానే తేమ శాతం ప్రివ్యూలో ప్రత్యక్షమైంది. మేనేజరు గారు కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వచ్చి చదివారు. నాకు కళ్లు చెమర్చాయి రమణా, నిజంగా.

అయితే కొత్త అవుట్‌లుక్‌లో ఈ ఫారాలు పనిచేయవు, ఫోన్‌లో కూడా కనిపించవు. అందుకే బండి నంబరును, తేమను సబ్జెక్టు వరుసలో కూడా రాయమని గుమస్తాకు గట్టిగా చెప్పాను. ఏది మారినా ఆ వరుస ఉంటుంది.

మీ కరీంనగర్ ఆఫీసులోనూ ఇదే బాధ ఉందని రాశావు కదా. అక్కడ హెచ్చరిక వస్తోందా, ఉత్త తెల్లదనమా? ముందు అది చూసి రాయి. హెచ్చరికైతే ఆ టిక్కునూ స్క్రిప్టునూ పట్టుకో, తెల్లదనమైతే రీజియన్ ఎలా కట్టాలో నేను... లారీ వచ్చింది, కాంటా దగ్గరి నుంచి పిలుస్తున్నారు. మిగతాది రేపు.

నీ
శ్రీనివాస్