హీటర్ వెలగకపోతే వైర్లు కలపవద్దు

సంపాదకులకు నమస్కారం.

కార్తీక వనభోజనాలతో మొదలై సంక్రాంతి దాటే వరకు విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా ఒడిశాలోని దేవమాలి కొండ చూడడానికి వచ్చే కుటుంబాలు ఏటా పెరుగుతున్నాయని, పాత మినీ బస్సులకు పడకలు, చిన్న వంటగది అమర్చిన క్యారవాన్లు కూడా వాటిలో కనిపిస్తున్నాయని మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. చలికి కొన్ని బళ్లలో గ్యాస్ హీటర్లు సైతం ఉంటున్నాయని అందులో ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం.

నేను సునాబెడ ఇంజిన్ల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత సిమిలిగుడలో స్థిరపడినవాణ్ణి. మా బావమరిదికీ నాకూ కలిపి ఒక పాత క్యారవాన్ ఉంది. మేము కొనేనాటికే అందులో ఒక ప్రొపేన్ ఫర్నేస్, అంటే ప్రొపేన్ గ్యాసు మండించి బండిలోకి వేడిగాలి పంపే హీటర్, బిగించి ఉంది. అమెరికాలో మోటర్‌హోమ్ అని పిలిచే ఇల్లుబళ్లలో దశాబ్దాలుగా వాడుతున్న రకం అది. ఎక్కడో విప్పిన పాతదాన్ని తెచ్చి ఒక షెడ్డువారు దీనిలో అమర్చారు.

పోయిన జనవరిలో విజయనగరం నుంచి వచ్చిన మా మేనకోడలిని, వాళ్ల ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని మా బావమరిది దేవమాలి దిగువకు వెళ్లాడు. మొదటి రాత్రి హీటర్ వెయ్యగా ఫ్యాను తిరిగింది గానీ మంట అందుకోలేదు. గొట్టాల నుంచి చల్లగాలే వచ్చింది. 1672 మీటర్ల కొండ కింద జనవరి రాత్రి ఎలా ఉంటుందో ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. మర్నాడు దారిలో ఒక మెకానిక్ చేత చూపిస్తే పావుగంటలో వెలిగించేశాడు. "బావా, హీటరు బాగైపోయింది, ఏదో స్విచ్ పోయిందట, డైరెక్ట్ ఇచ్చేశాడు" అని బావమరిది సంతోషంగా ఫోను చేశాడు. ఆ మాట విన్నప్పుడే నేను ఆపి ఉండవలసింది. ఆపలేదు, అది నా తప్పు.

మూడో రోజు ఉదయం బండి మా వాకిట్లోకి వచ్చింది. ఆ తెల్లవారుజామున చిన్నపిల్ల వాంతి చేసుకుంది. తనకు తల దిమ్ముగా ఉందని బావమరిది చెప్పాడు. ఘాట్ రోడ్డు మలుపులని ఒకరు, రాత్రి తిన్న తిండి అని ఇంకొకరు అన్నారు. అయితే పిల్లకు వాంతి అయ్యేసరికి బండి ఇంకా కదలనే లేదు. పైగా బండి దిగి వాకిట్లో కూర్చున్న అరగంటకే ఇద్దరూ తేరుకున్నారు. మూసిన చోట తలనొప్పి, వికారం వచ్చి, బయటి గాలి తగలగానే తగ్గాయంటే మొదట అనుమానించవలసింది కార్బన్ మోనాక్సైడ్‌ను. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది కాబట్టి, నిద్రలో ఉన్నవాడికి మెలకువ కూడా రానివ్వదు. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ వేసుకుని పడుకున్న కేరళ పర్యాటకులు ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, చనిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే ఫర్నేస్ మూత విప్పాను. లోపల రెండు వైర్ల కొసలు గీకి, మెలిపెట్టి, నల్ల టేపు చుట్టి ఉన్నాయి. వాటి మధ్య ఉండవలసిన చిన్న స్విచ్ పక్కన వేలాడుతోంది. దానికి తమలపాకు తొడిమంత సన్నని రేకు కొస ఒకటి ఉంటుంది. ఫ్యాను గాలి బలంగా తగిలితే తెరచాపలా వంగి స్విచ్‌ను కలుపుతుంది. అందుకే దాన్ని సెయిల్ స్విచ్ అంటారు. మా దానికి దుప్పట్ల నూగు, తివాచీ పీచు దట్టంగా చుట్టుకుని ఉన్నాయి. పాత టూత్ బ్రష్‌తో దులిపి, మీటరు పెట్టి చూస్తే స్విచ్ నిక్షేపంగా ఉంది. గోటితో పోయేదానికి గొడ్డలి వాడడం అంటే ఇదే.

ఈ ఫర్నేస్ పని చేసే క్రమం తెలిస్తే ఆ వైర్లు కలపడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. బండిలో వేడి ఎంతుందో చూసే థర్మోస్టాట్ వేడి కావాలని అడగగానే ముందుగా ఫ్యాను తిరిగి, లోపల మిగిలిన గ్యాసు ఏదైనా ఉంటే కొన్ని సెకన్ల పాటు బయటికి ఊడ్చేస్తుంది. ఫ్యాను తగినంత వేగం అందుకున్నాకే సెయిల్ స్విచ్ కలుస్తుంది; దాని వెంట, లోపలి భాగం అతిగా కాలితే తెగిపోయే లిమిట్ స్విచ్ ఒకటి ఉంటుంది. ఈ రెండూ సరేనంటేనే సర్క్యూట్ బోర్డు గ్యాస్ వాల్వ్ తెరిచి, టిక్ టిక్ మని నిప్పురవ్వ కొడుతుంది. కొద్ది సెకన్లలో మంట కనబడకపోతే బోర్డే వాల్వ్ మూసేస్తుంది. ఇందులో ఒక్క మోటారుకే రెండు చక్రాలు: ఒకటి మంటకు బయటి గాలిని అందించి పొగను బయటికి తోస్తుంది, రెండోది లోపలి గాలిని, మంట మండే వేడి పెట్టె చుట్టూ తిప్పి పడకల వైపు పంపుతుంది. కాబట్టి ఫ్యాను మందగించిందంటే బండిలోకి వెచ్చదనం తగ్గడంతో పోదు, మంటకే ఊపిరి ఆడదు. ఊపిరి ఆడని మంట పసుపుగా, మసిగా మండి కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. సెయిల్ స్విచ్‌ను తప్పించి డైరెక్ట్ ఇవ్వడమంటే, గాలి చాలడం లేదని యంత్రం చెప్పే మాటను వినబడకుండా నొక్కేసి, ఆ పైన మంట పెట్టడమే.

మా బండిలో ఫ్యాను కూడా మందగించే ఉంది. మరి ఎందుకు? బ్యాటరీ దగ్గర మీటరు పెడితే 12.4 వోల్టులు చూపింది. ఎవరైనా బ్యాటరీ బాగుందనే అంటారు. ఫ్యాను తిరుగుతుండగా ఫర్నేస్ టెర్మినల్ దగ్గర కొలిస్తే 10.1 వచ్చింది. దారిలో రెండు వోల్టులకు పైగా ఎక్కడో పోతున్నాయి. వైరు వెంట చెయ్యి పోనిచ్చి వెతికితే, వెనక చక్రం పైన బాడీకి బిగించిన ఎర్త్ లగ్, అంటే ఎర్త్ వైరు కొసన ఉండే లోహపు బిళ్ల, వేడిగా తగిలింది. విప్పితే లోపల పచ్చటి చిలుము. గరుకు కాగితంతో గీకి, కొత్త లగ్ వేసి బిగించాక అదే టెర్మినల్ దగ్గర 12 చూపింది, ఫ్యాను శబ్దమే మారిపోయింది. ఫ్యాను ఆగి ఉన్నప్పుడు కొలిచిన వోల్టు వల్ల ఏమీ తెలియదని, భారం మీద కొలిచినదే అసలు లెక్క అని మెకానిక్ సోదరులు దయచేసి గమనించాలి.

అంతటితో అయిపోలేదు. బండి పక్కన పొగ వెళ్లే గొట్టం మూతి లోపల సగానికి పైగా మట్టితో మూసుకుపోయి ఉంది. వర్షాకాలం బండి కదలకుండా నిలబడితే మట్టిగూడు కట్టే కందిరీగ ఏ గొట్టాన్నీ వదలదు. పుల్లతో పొడిచి లోపలికి తోసేయకుండా గొట్టం విప్పి, గూడును ముక్కలుగా బయటికే లాగాను. ఆ గొట్టం లోపలి పెట్టెకు అతికే చోట సందు మూయడానికి వేసిన గాస్కెట్ ఎండి బిరుసెక్కి ఉంది. దాని అంచున వేలు పెట్టి రాస్తే కాటుకలా మసి అంటింది. బయటికి దారి లేని పొగ ఆ సందులోంచి మావాళ్లు పడుకున్న చోటికే వచ్చిందనడానికి నాకు ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు. వేడి పెట్టెను విప్పి చీకట్లో లోపల టార్చి పెట్టి చూశాను, పగుళ్లు లేవు. ఒకవేళ ఉంటే వెల్డింగు చేయించకూడదు, పెట్టెనే మార్చాలి, దొరక్కపోతే ఆ ఫర్నేస్‌ను తీసేయాలి.

గ్యాసు విషయం కూడా చెప్పాలి. ఈ ఫర్నేస్ తయారైనది ప్రొపేన్ కోసం. మనకు దొరికే వంటగ్యాసు ప్రొపేన్, బ్యూటేన్ల మిశ్రమం, అందులో బ్యూటేన్ పాలు ఎక్కువ. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరవుతుంది. బ్యూటేన్‌కు దాదాపు సున్నా డిగ్రీలు కావాలి. పొట్టంగి, సిమిలిగుడ చలి రాత్రుల్లో, అందులోనూ సిలిండరు అడుగంటుతున్నప్పుడు ప్రొపేన్ ముందే వెళ్లిపోయి బ్యూటేన్ మిగిలితే, ఊపి చూస్తే గ్యాసు ఉన్నట్టే ఉంటుంది గానీ ఒత్తిడి చాలదు. అప్పుడు టిక్ టిక్ వినిపిస్తుంది, మంట రాదు. అలాంటప్పుడు ఫర్నేస్ జోలికి పోకముందు బండిలోని పొయ్యి వెలిగించి మంట నీరసంగా ఉందేమో చూడాలి. సిలిండరును వేడినీళ్లతో గాని, నిప్పుతో గాని కాచే పని ఎన్నడూ చేయకూడదు. ఇంకో చిక్కు: ఒక పాలు ప్రొపేన్ మండడానికి సుమారు 24 పాళ్ల గాలి చాలితే, బ్యూటేన్‌కు 31 పాళ్లు కావాలి. ప్రొపేన్‌కు తొలిచిన జెట్టుతో (గ్యాసు చిమ్మే సన్నని రంధ్రం ఉన్న ముక్క) బ్యూటేన్ ఎక్కువున్న గ్యాసు కాలిస్తే మంట పసుపు తిరిగే స్వభావం ముందే ఉంటుంది. దానికి మందగించిన ఫ్యాను, మూసుకున్న గొట్టం తోడైతే ఏమవుతుందో మా బండే చెప్పింది. అందుకే జెట్టు, రెగ్యులేటరు మన గ్యాసుకు సరిపోయేవేనా అని తెలిసినవారి చేత చూపించాకే వాడాలి. ఆ ఫర్నేస్‌కు అమెరికాలో చెప్పే గ్యాసు ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టం, అంటే గొట్టంలో నీటిని సుమారు 28 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టేంత. కొలవడం నేర్చినవారికి వంచిన పారదర్శక గొట్టం, అందులో కాసిని నీళ్లు ఉంటే చాలు.

వెలగని హీటరును బాగుచేసేవారు ముందుగా చెవులు వాడాలని నా మనవి. అసలు ఫ్యానే తిరగకపోతే ఫ్యూజు, థర్మోస్టాట్, మోటారు చూడాలి. ఫ్యాను తిరిగి, ఎంతసేపటికీ టిక్ టిక్ వినబడకపోతే లోపం వోల్టులోనో, సెయిల్ స్విచ్‌లోనో, లిమిట్ స్విచ్‌లోనో, వాటి తరువాతి బోర్డులోనో ఉంటుంది. టిక్ టిక్ ఉండి మంట లేకపోతే గ్యాసు, వాల్వ్, జెట్టు. మంట ఒక్కసారి భగ్గుమని అందుకుని కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే బోర్డుకు మంట కనబడడం లేదన్నమాట. నిప్పురవ్వ కొట్టే ఎలక్ట్రోడు మీది మసిని, బర్నరు ఎర్తును శుభ్రం చేయాలి. బాగా వెలిగి, కాసేపటికి ఆగి, మళ్లీ వెలుగుతూ ఉంటే వేడిగాలి వచ్చే రంధ్రాలకు సామాను అడ్డం పెట్టారేమో చూడాలి, ఎందుకంటే అప్పుడు లిమిట్ స్విచ్ తన పని తాను చేస్తోంది. దేన్నైనా పరీక్ష కోసం ఒక్క నిమిషం తప్పించి చూడవచ్చునని వాదించేవారు ఉన్నారు. ఆ ఒక్క నిమిషం తరువాత టేపు చుట్టి మూత బిగించేస్తారన్నది నా అనుభవం కాబట్టి, ఆ నిమిషం కూడా వద్దంటాను. మీటరుతో తెలియనిది అందులో ఏదీ లేదు.

ఆ మెకానిక్ మీద నాకు కోపం లేదు. వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడాను. బక్కపలచని కుర్రవాడు, చేతిపని బాగా వచ్చినవాడు. తన జీవితంలో అలాంటి ఫర్నేస్‌ను చూడడం అదే మొదటిసారి. "పిల్లలు చలికి వణుకుతున్నారు బాబాయ్, ఎలాగైనా వెలిగించాలనిపించింది" అన్నాడు. ఫర్నేస్ మీద హెచ్చరికలు ఉన్న మాట నిజమే. అవి చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, మూత వెనక, సగం చెరిగిపోయి ఉన్నాయి. వాటిని ఎవరు చదువుతారు?

బళ్ల యజమానులను నేను కోరేది ఇది: కార్తీకం రాకముందే ఏటా ఒకసారి ఫర్నేస్ విప్పించి శుభ్రం చేయించండి. పడకల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. అది లేకుండా గ్యాస్ హీటర్ వేసుకుని నిద్రపోకండి. వంటగ్యాసు గాలికన్నా బరువు కాబట్టి కారితే నేలమీదే పేరుకుంటుంది. సిలిండరు పెట్టె బండి లోపలికి తెరుచుకోకూడదు, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. లీకు చూడడానికి సబ్బునీళ్లే తప్ప అగ్గిపుల్ల పనికిరాదు. గ్యాసు లీకైతే పిలవడానికి 1906 అనే నంబరు ఉంది.

అధికారులకు కూడా ఒక విన్నపం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తోంది. కానీ క్యారవాన్‌గా సక్రమంగా నమోదైన మా బండి విషయంలో కూడా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లినప్పుడు బ్రేకులు, దీపాలు చూశారే గాని హీటర్ వైపు ఎవరూ తిరిగి చూడలేదు. మనుషులు నిద్రపోయే బండిలో మంట ఉన్నప్పుడు ఆ మంటకు గాలి ఎటునుంచి వస్తోంది, పొగ ఎటు పోతోంది అన్నది కూడా ఆ పరీక్షలో చేరాలి.

ఫర్నేస్ ఏ శబ్దం చేస్తే ఏ భాగం చూడాలో, ఏ రెండు వైర్లను ఎన్నడూ కలపకూడదో ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, మా పక్కింటి ఉపాధ్యాయుని చేత ఒడియాలోకి మార్పించి, మా ఫర్నేస్ మూతకు బయటివైపు అంటించాను. ఒక ప్రతి ఆ కుర్రవాడి దుకాణంలో గోడకు ఉంది. ఇంకొకటి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. కార్తీకానికి ముందే మీ జిల్లా పేజీలో దాన్ని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా