మన ఫిల్మ్ సొసైటీ, అనంతపురం: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది, కాబట్టి చదువుతున్నాను. ఆ నిబంధన లేకపోయినా ఈ ఏడు మాత్రం చదివేవాణ్ని. జూన్‌లో మనం చేసిన పని ఎవరి నోటా వినబడకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

ఏడాదిలో పదకొండు ప్రదర్శనలు వేశాం. ఆగస్టులో ఒకటి వాన వల్ల, మార్చిలో ఒకటి పరీక్షల వల్ల ఆగిపోయాయి. పిల్లల సినిమాలు బాగానే నడిచాయి. ఇవన్నీ వాట్సాప్ గ్రూపులో చూసినవే.

ఇక జూన్ సంగతి. రోజులు బాగాలేనప్పుడు తీసిన పాత సినిమాల్లో, మామూలు మనిషికి ఉన్నట్టుండి డబ్బు వచ్చిపడితే ఏం జరుగుతుంది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వరసగా నాలుగు శనివారాలు సినిమాలు వేశాం. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. 1933 నాటికి అమెరికాలో పనివాళ్లు నలుగురిలో ఒకరికి పని లేదు. అలాంటి జనం చేతిలో ఉన్న చిల్లర పెట్టి చూసిన వాటిలో కోటీశ్వరుల కథలు చాలానే ఉన్నాయి.

మొదటి వారం 1932 నాటి 'ఇఫ్ ఐ హ్యాడ్ ఎ మిలియన్', కొందరు దర్శకులు తలా ఒక ముక్క తీసిన సినిమా. చావు దగ్గరపడిన ఒక ధనవంతుడు, బంధువుల చేతికి ఆస్తి పోకూడదని, డైరెక్టరీలో తగిలిన పేర్లకు పది లక్షల డాలర్ల చెక్కులు పంచుతాడు. చెక్కు అందిన వాళ్లలో ఒకడు దొంగ చెక్కులు రాసి బతికేవాడు. అసలైన చెక్కు చేతిలో ఉన్నా మార్చుకునే దారి లేదు, పోలీసులు వెతుకుతుంటారు. చివరికి రాత్రి తల వాల్చడానికి ఒక మంచం ఇస్తే చాలని దాన్ని ఇచ్చేస్తాడు. బస నడిపేవాడు దాంతో చుట్ట ముట్టించుకుంటాడు. హాల్లో ముందు వరసలో ఉన్న అమ్మ ఒకామె "అయ్యో నాయనా" అని పైకే అనేసింది. లుబిచ్ అనే దర్శకుడు తీసిన గుమాస్తా ముక్క రెండు మూడు నిమిషాలే. చెక్కు అందుకున్న చార్లెస్ లాటన్ తాపీగా లేచి, మెట్లెక్కి, తలుపు తర్వాత తలుపు దాటి, పెద్ద యజమాని గదిలోకి వెళ్లి నోటితో 'బుర్ర్'మని ఒక్క శబ్దం చేసి వచ్చేస్తాడు. మనలో రిటైరైన బ్యాంకు ఉద్యోగులు ఉన్నారు కదా, ఆ ముక్క మళ్లీ వేయమని పట్టుబట్టారు. వేశాం.

రెండో వారం చాప్లిన్ 'సిటీ లైట్స్', 1931. తాగినప్పుడు దేశదిమ్మరిని మెడ కౌగిలించుకునే కోటీశ్వరుడు, మత్తు దిగితే ఎవరు నువ్వంటాడు. దీనికి మాటల అవసరం లేదు. మిగతా ఇంగ్లీషు సినిమాలకు నేనే తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పాను, మూకీల రోజుల్లో వ్యాఖ్యాత నిలబడినట్టు. గొంతు నాలుగు రోజులు పనిచేయలేదు, అది వేరే సంగతి.

మూడో వారం ఫ్రాంక్ కాప్రా 'మిస్టర్ డీడ్స్ గోస్ టు టౌన్', 1936. మేనమామ చనిపోతే రెండు కోట్ల డాలర్లు కలిసొచ్చిన పల్లెటూరి మనిషి ఆ డబ్బుతో, భూమి పోగొట్టుకున్న రైతులకు తలా పదెకరాలు, ఒక ఆవు, గుర్రం, విత్తనాలు ఇస్తానంటాడు. అంతే, వాడికి పిచ్చి పట్టిందని కోర్టుకు లాగుతారు. ఇక్కడ శనక్కాయ వేసే సభ్యుడొకరు లేచి, "పదెకరాలు సరే సార్, బోరెవరేస్తారు?" అన్నారు. ఆ తర్వాత అరగంట సినిమా గురించి ఎవరూ మాట్లాడలేదు, అంతా బోర్ల గురించే.

చివరి వారం మన తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారి 'పాతాళ భైరవి', 1951. అంతకుముందు 1939లో కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డి గారు తీసిన 'వందేమాతరం' గురించి పావుగంట మాట్లాడుకున్నాం. అందులో ఉద్యోగం దొరకని డిగ్రీ కుర్రాడికి లాటరీ తగులుతుంది. ప్రింటు కోసం తిరిగి తిరిగి వదిలేశాను. 'పాతాళ భైరవి' అందరం పదిసార్లు చూసిందే, కానీ ఆ మూడు సినిమాల తర్వాత చూస్తే వేరేగా కనబడింది. పిల్లనివ్వాలంటే నాతో సమానంగా సంపద తెమ్మంటాడు రాజు, తోటరాముడు తెస్తాడు. కోరింది ఇచ్చే ప్రతిమ చేయి మారగానే మేడ మాయం. గుడిసెలోంచి మేడకు, మేడలోంచి మళ్లీ గుడిసెకు. యాభైల మొదట్లో మన సీమలో గంజి కేంద్రాలు నడిచాయి, ఆ గంజి తాగి వచ్చి ఈ సినిమా చూసినవాళ్లు ఉన్నారని మన పెద్ద సభ్యుడొకరు చెప్పారు. వాళ్లకు మేడ రావడం కన్నా పోవడమే ఎక్కువ నిజంగా అనిపించి ఉంటుందని నా అనుమానం. ఈ నాలుగింటిలో ఎక్కడా ఉద్యోగం చేసి డబ్బున్నవాడైనవాడు లేడు, గమనించారా?

ఇప్పుడు కొంచెం కష్టం చెప్పుకోవాలి. కుర్చీలు వేయడానికి పేర్లిచ్చిన ఎనిమిది మందిలో మూడో వారం వచ్చింది ఇద్దరు. ఒక తమ్ముడు ఫోనే ఎత్తలేదు. తొలకరి పడితే వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు బయటపడతాయని జనం వెళ్తారు కదా, వాటిని ఏరడానికి అక్కడున్నాడని తర్వాత తెలిసింది. మనం హాల్లో డీడ్స్ కథ చెప్పుకుంటుంటే! ఏమీ దొరకలేదట, మాట్లాడటానికి కూడా ఇష్టపడలేదు. హాలు అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ ఆరుసార్లు తిరిగాను. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, ఫోనూ లేదు. ఆ శాలువా బీరువాలో భద్రంగా ఉంది.

లెక్కలు: చందాలు 38,500 రూపాయలు, ఖర్చు 41,200. తేడా 2,700 కోశాధికారి గారు సొంతంగా సర్దారు. వారికి ఇవ్వాల్సి ఉంది. వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి.

నాలుగు వారాలూ ఉగ్గాణి, బజ్జీ చేసి తెచ్చిన అక్కలకు, కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరు మోసుకొచ్చిన పక్కింటి వారికి, ఫ్లెక్సీకి డబ్బు తీసుకోని తమ్ముడికి, ప్రొజెక్టరు అప్పిచ్చిన లెక్చరర్ గారికి, చివరి దాకా కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు.

అద్దె కుర్చీల్లో రెండు ఇంకా తేలలేదు. ఎవరింట్లోనైనా ఉంటే ఆదివారంలోగా ఇచ్చేయండి, షాపతను రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
కార్యదర్శి