రాజమండ్రా, కాకినాడా, భీమవరమా?

ఒరేయ్ శీనూ,

హైదరాబాద్ వదిలేసి ఇటు గోదారి జిల్లాలకి వచ్చేద్దామనుకుంటున్నామని రాశావు. చాలా సంతోషంరా. అద్దెలెలా ఉన్నాయని అడిగావు గానీ, ఇక్కడ ముందు అడగాల్సింది నీళ్ల సంగతి.

భీమవరం చుట్టుపక్కల బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్లే. ఆ నేల తీరే అంత, పైగా ఎటు చూసినా రొయ్యల చెరువులు. ఊళ్లోకొచ్చే కుళాయి నీళ్లు గోదారి కాలవవే. వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. అప్పుడు ముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువే గతి. అది అడుగంటే కొద్దీ నీళ్లు రంగు మారి నాచు వాసనొస్తాయి. తాగడానికీ వంటకీ రోజుకో ఇరవై లీటర్ల డబ్బా కావాలి. డబ్బా ఇరవై రూపాయలనుకున్నా నెలకు ఆరువందలు.

ఇల్లు చూడ్డానికెళ్తే హాలూ బాల్కనీ తర్వాత చూద్దువు గానీ, ముందు బాత్రూంలో కుళాయి మూతి చూడు. తెల్లగా పెచ్చు కట్టిందంటే గట్టి నీళ్లన్నమాట. సబ్బు సరిగ్గా నురగరాదు, కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, గీజరు కాయిల్ మీద సున్నం పేరుకుని కరెంటు తినేస్తుంది. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపించే చిన్న టీడీఎస్ మీటరు జేబులో వేసుకెళ్లు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుండాలి, వేరే దారి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. మీటరు క్రిముల సంగతి చెప్పదు కాబట్టి ఎంత తక్కువ చూపించినా కాచుకునే తాగండి.

రెండోది కరెంటు మీటరు. రెండు వాటాలకీ ఒకే మీటరున్న ఇల్లు వద్దు. 2022 స్లాబుల్లో 225 యూనిట్లు దాటాక యూనిట్ 8.75. నెలకి చెరో 200 యూనిట్లు వాడితే విడి మీటర్ల మీద ఇద్దరికీ కలిపి 1734 రూపాయలు, ఒకే మీటరు మీద 400 అయితే 2548. ట్రూఅప్ (పాత ఖర్చుల సర్దుబాటు), మిగతా చార్జీలు దీనికి అదనం. మన ఉక్కపోతకి ఏసీ లేకుండా కుదరదు కదా, ఈ తేడా ప్రతి వేసవీ కట్టాల్సిందే.

కాకినాడలో జీజీహెచ్ అనే ప్రభుత్వ పెద్దాసుపత్రి, రంగరాయ మెడికల్ కాలేజీ ఉన్నాయి. నాన్నగారికి తరచూ ఆసుపత్రి అవసరమైతే అదే నయం. హైదరాబాదుకి గౌతమి ఎక్స్‌ప్రెస్ అక్కడే ఎక్కొచ్చు గానీ, మెయిన్ లైను బళ్లు చాలావాటికి సామర్లకోట వెళ్లాలి. రాజమండ్రిలో ఆ బాధ లేదు. మెయిన్ లైనూ, మధురపూడిలో విమానాశ్రయం, గుమ్మం ముందు గోదారి. గోదారి లంకల్లో పండే కూరగాయలు తాజాగా దొరుకుతాయి. వరదలకి లంకలు మునిగినప్పుడు మాత్రం వంకాయ ధర కూడా మండిపోతుంది. అమలాపురం మనసుకి ఎంత హాయిగా ఉన్నా రైలు లేదు, కాబట్టి నీకు కుదరదు.

నన్నడిగితే రాజమండ్రే. దానవాయిపేట, ప్రకాశ్‌నగర్ వైపు వెతుకు. అద్దె కాస్త ఎక్కువైనా బడీ బజారూ దగ్గర, పెట్రోలు మిగులుతుంది. కాకపోతే ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చెయ్యకు. మే నెలలో చెల్లెమ్మని తీసుకుని ఓసారి రా. కుళాయి ఏ వేళకొస్తుందో, ఎంతసేపొస్తుందో పక్కవాటా వాళ్లని అడిగి, అప్పుడు ఖాయం చేద్దాం.

ఉంటాను మరి,
నీ సూరి