సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించే వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారాలు.

మన మహిళా పరిశోధకుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మళ్లీ చెప్పనక్కర్లేదు. సైన్సు డిగ్రీ, పీజీ క్లాసుల్లో సగం మందికి పైగా ఆడపిల్లలే. పరిశోధకుల్లో మాత్రం 2018 నాటి కేంద్ర ప్రభుత్వ లెక్కలో మహిళలు 16.6 శాతం. ఈ ఏడాది మన పనంతా ఆ మధ్యలో జారిపోతున్నవాళ్ల గురించే.

అందరికంటే ఎక్కువగా తిప్పించినవి ప్రసూతి సెలవు ఫైళ్లు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువు ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా వేరే ఉంది. యూనివర్సిటీ ఆఫీసు సెక్షన్‌లో ఈ రెంటినీ కలిపేసి "రెండేళ్లు ఇస్తున్నాం కదమ్మా, మళ్లీ సెలవెందుకు" అంటారు. మంజూరైన కాగితమేమో డిపార్ట్‌మెంట్ బీరువాలోనే ఉండిపోతుంది, ఫెలోషిప్ సెక్షన్‌కూ పరీక్షల విభాగానికీ చేరదు. అందుకే సెలవు మొదలవకముందే గైడ్ సంతకం చేయించుకోండి. సెలవు రోజులు గడువులో కలుస్తాయో కలవవో ఉత్తర్వులోనే రాయమనండి. రాయకపోతే సినాప్సిస్ (థీసిస్‌కు ముందిచ్చే సారాంశం) ఇచ్చే రోజున వాదన మొదలవుతుంది. నకళ్లు మూడు చోట్లా ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. నంబరు పడని కాగితం ఇచ్చినా ఇవ్వనట్టే. పచ్చి బాలింతను కౌంటర్ల చుట్టూ తిప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఇక మనం గర్వంగా చెప్పుకోవలసింది జాతీయ సైన్స్ దినోత్సవానికి తార్నాకలో జరిపిన ల్యాబ్ జాగ్రత్తల శిబిరం. కడుపుతో ఉన్న స్కాలర్‌ను "కొన్నాళ్లు బెంచ్ (ప్రయోగాల పని) మానేసి పేపర్లు చదువుకో" అని పక్కన కూర్చోబెట్టడమే చాలా ల్యాబుల్లో జాగ్రత్త. దాంతో ఏడాది డేటా పోతుంది. మానాల్సింది బెంచ్ కాదు, కొన్ని పనులు. శిబిరంలో మామూలు నీలం నైట్రైల్ గ్లోవ్ వేలు కోసి, అందులో డైమిథైల్ ఫార్మమైడ్ (డీఎంఎఫ్) అనే ద్రావకం కొంచెం పోసి, ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్‌లో వేలాడదీశాం. టీ తాగి వచ్చేసరికి వేలు ఉబ్బి మెత్తబడిపోయింది. పెప్టైడ్ తయారీలో లీటర్లకు లీటర్లు వాడే ఆ ద్రావకం గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. దానికి బ్యూటైల్ రబ్బరు గ్లోవ్ కావాలి. అది స్టోర్స్‌లో దొరకదు, దొరికినా మగవాళ్ల సైజే. చేతికి వదులైన గ్లోవ్‌తో ఫ్లాస్క్ జారుతుంది, పొడుగు చేతుల కోటు బర్నర్ మంటకు తగులుతుంది.

ప్రోటీన్లను వేరుచేసే జెల్ వేసేవాళ్లు విషపదార్థమైన యాక్రిలమైడ్ పొడి తూచడం మానేసి 30 శాతం రెడీమేడ్ ద్రావణం తెప్పించుకోవాలి. దుమ్ము లేచేది తూచేటప్పుడే. పొడి చవక కాబట్టి స్టోర్స్‌వాళ్లు అదే తెస్తారు, ఇండెంట్‌లో (కొనుగోలు కోరే కాగితంలో) కారణం రాస్తే కొంత వింటారు. రేడియోధార్మిక పదార్థాలతో పనిచేసేవాళ్లకు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) పరిమితి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలత). గర్భం సంగతి తెలియజేశాక శిశువుకు అందేది 1 మిల్లీసీవర్ట్ దాటకూడదు. చిక్కంతా ఆ 'తెలియజేశాక' దగ్గరే. మూడో నెల దాటేదాకా మన ఇళ్లల్లో ఎవరూ బయటపెట్టరు, అవయవాలు ఏర్పడేదేమో ఆ వారాల్లోనే. కాబట్టి ఈ జాగ్రత్తలు ఒకరి కోసం కాకుండా ల్యాబ్ మొత్తానికి మొదటి రోజు నుంచే ఉండాలని తీర్మానించాం.

ల్యాబ్ తెరిచి ఇచ్చిన కాలేజీ యాజమాన్యానికి, ఆదివారమని చూడకుండా వచ్చిన టెక్నీషియన్లకు, దరఖాస్తులు దిద్దిపెట్టిన విశ్రాంత ప్రొఫెసరమ్మలకు, అప్పు మీద కాపీలు తీసిచ్చిన జిరాక్స్ షాపు అన్నకు, పిల్లల్ని ఆడించిన అమ్మమ్మలకు, నాన్నమ్మలకు పేరుపేరునా ధన్యవాదాలు. వాలంటీర్ల జాబితాలో పేర్లు రెండు పేజీలు నిండాయి. కుర్చీలు సర్దింది నలుగురం. మిగతావాళ్లు వాట్సాప్‌లో దండాలు పెట్టారు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీల గురించి సంస్థలకు లేఖలు రాశాం. 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలలు, విచారణకు 90 రోజులు గడువు, సభ్యుల పదవీకాలం గరిష్ఠంగా మూడేళ్లు. విద్యార్థుల ఫిర్యాదైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి. కొందరు మర్యాదగా జవాబిచ్చారు. ఒకచోట బోర్డు మీద రిటైరైపోయినవారి పేరే ఇంకా ఉంది. రెండుసార్లు గుర్తుచేసినా చలనం లేదు. ఏ సంస్థో ఇక్కడ రాయడం లేదు, వాళ్లకు తెలుసు.

జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూసుకోవచ్చు. చందా బకాయిలున్నవారు ఈరోజే కట్టి రసీదు తీసుకోగలరు.

గ్లోవ్‌లు, కోట్లు అందరం కలిసి ఒకేసారి కొంటే చిన్న సైజులు తెప్పిస్తామని డీలరు ఒప్పుకున్నారు. అరచేతి చుట్టుకొలత సెంటీమీటర్లలో రాసి, బయటికి వెళ్లేముందు గుమ్మం దగ్గరి రిజిస్టర్లో నమోదు చేయండి.

ఇట్లు,
కార్యదర్శి