మా దగ్గర ప్రతి కాగితమూ అడిగేవాళ్ల దగ్గర మీరు ఒక్క కాగితం అడగండి: చిన్న పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

కడప ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ వర్క్‌షాప్ నడుపుకునే ఒక చిన్న యజమాని నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా, పెద్ద కంపెనీలు మా బిల్లుల డబ్బు వేళకు ఇవ్వడం లేదని ఇప్పటికే అర్జీలు ఇచ్చాం. రసీదులు ఉన్నాయి. కొన్నాళ్లకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారు, ఏం పరిష్కరించారు అని కనుక్కోవడానికి పోతే ఆ సీట్లో ఉన్నాయన బదిలీ అయిపోయాడు. మళ్లీ రాశాం. దానికి మెసేజ్ కూడా రాలేదు. ఇక చాటుగా రాసి లాభం లేదనిపించి నలుగురూ చదివేటట్టు రాస్తున్నాను.

చిన్న యూనిట్లకు 45 రోజుల్లోపల డబ్బు కట్టాలనే చట్టం గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. చిన్న యూనిట్ల ఉద్యమ్ రిజిస్ట్రేషన్, బాకీల మీద ఫిర్యాదు చేసుకునే సమాధాన్ పోర్టల్, బిల్లు మీద బ్యాంకు ముందుగా డబ్బిచ్చే ట్రెడ్స్ అన్నీ మీకు తెలిసినవే. ఆ 45 రోజులు ఎప్పుడు మొదలవుతాయో చెప్పడానికే ఈ ఉత్తరం. మా లెక్కలో అవి మొదలే కావడం లేదు.

ఎర్రగుంట్ల నుంచి తాడిపత్రి దాకా, అటు బనగానపల్లె వైపు, సున్నపురాయి ఉన్నచోటల్లా సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. వాటిని నమ్ముకునే మాలాంటి వర్క్‌షాపులు బతుకుతున్నాయి. కన్వేయర్ రోలర్లు, షాఫ్టులు, బుష్‌లు, ఎలివేటర్ బకెట్ల పిన్నులు చేసిస్తాం. బెల్టు ఆగిపోయిందంటే అర్ధరాత్రి ఫోన్ వస్తుంది. "అన్నా, ఎట్లయినా తెల్లారేలోపల కావాల" అంటారు. మా పిల్లలు నిద్ర మానుకుని లేత్ మీద నిలబడి షాఫ్టు తీసిస్తారు. అప్పుడు ఏ కాగితమూ అక్కర్లేదు. సరుకు తెచ్చామని చేత్తో రాసిన చలాన్ చూపిస్తే చాలు, గేటు తెరుస్తారు. పీవో, అంటే కొనుగోలు ఆర్డరు కాగితం, తర్వాత పంపుతామంటారు. సరుకు లోపలికి పోతుంది, బిగిస్తారు, ఫ్యాక్టరీ నడుస్తుంది.

కాగితాలు బిల్లు పెట్టిన రోజు మొదలవుతాయి. పీవో తేదీ కంటే చలాన్ తేదీ ముందుంది కాబట్టి బిల్లు చెల్లదంటారు. ఆ పీవో ఆలస్యంగా పంపింది వాళ్లే. చలాన్ మార్చి రాసుకురమ్మంటారు. మార్చి రాస్తే దాని మీద సెక్యూరిటీ ముద్ర లేదంటారు. ముద్ర వేయాల్సిన గార్డు, సరుకు అప్పుడెప్పుడో వచ్చింది, నేనిప్పుడు ఎట్లా వేస్తానంటాడు. ఆయన మాటలోనూ తప్పు లేదు. కొలతల రిపోర్టు, గ్యారంటీ సర్టిఫికెట్, ఉద్యమ్ సర్టిఫికెట్, జీఎస్టీ రిటర్న్ వేసినట్టు కాపీ, క్యాన్సిల్డ్ చెక్కు, అన్నీ ప్రతి బిల్లుకూ కావాలి. ఇవన్నీ కంపెనీకి సరుకిచ్చేవాళ్లుగా పేరు నమోదు చేసుకునే వెండర్ రిజిస్ట్రేషన్‌లో ఒకసారి ఇచ్చినవే. ఒక్కో కంపెనీకి ఒక్కో రిజిస్ట్రేషన్ ఫారం. అందులో ఐఎస్‌ఓ 9001 అనే నాణ్యత సర్టిఫికెట్ ఉందా అని ఒక గడి. నలుగురైదుగురు టర్నర్లు పనిచేసే షెడ్డుకు ఐఎస్‌ఓ ఎందుకంటే, హెడ్డాఫీసు రూలంటారు.

అన్నింటికంటే మమ్మల్ని ఏడిపించేది మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్. ఇనుము గురించి తెలిసినవాళ్లు దీన్ని ఒప్పుకుంటారు. మేం వాడే ఈఎన్-8 రకం రాడ్డుకు ఉక్కును మిల్లులో పోత పోసినప్పుడు ఆ పోతకు ఒక హీట్ నంబరు, దానికొక సర్టిఫికెట్ ఉంటాయి. టన్నుల లెక్కన కొనేవాళ్లకు ఆ కాగితం దక్కుతుంది. మేం డీలరు దగ్గర మూడడుగుల ముక్క కోయించుకుంటాం. ఆ ముక్క ఏ హీట్‌దో డీలరుకే తెలియదు, హీట్ నంబరు రాడ్డు చివరనే ఉండిపోతుంది. ఇప్పుడా ముక్కకు పేపరు కావాలంటే ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ ఒప్పుకున్న ల్యాబుకు శాంపిల్ పంపాలి. మేం హైదరాబాదుకు పంపుతాం. ల్యాబు ఫీజు, కొరియరు, రిపోర్టు వచ్చేదాకా ఎదురుచూపు, అన్నీ మా మీదే. నాలుగు పిన్నుల ఆర్డరుకు మిగిలేదాని కంటే పరీక్షకయ్యేదే ఎక్కువ. పరీక్ష వద్దనడం లేదు. ప్రాణాల మీదికొచ్చే పార్టు అయితే చేయించాల్సిందే, మేమే ముందు చేయిస్తాం. కానీ పిన్నుకూ, బుష్‌కూ, వాషర్‌కూ ఒకే రూలు పెట్టి, అది కూడా సరుకు వాడేసిన తర్వాత అడిగితే అది నాణ్యత కోసం అడిగినట్టు కాదు, బిల్లు ఆపడానికి అడిగినట్టు.

పీఎఫ్, ఈఎస్‌ఐ సంగతీ అంతే. పీఎఫ్ చట్టం 20 మంది ఉంటే వర్తిస్తుంది, ఈఎస్‌ఐ 10 మందికి. మా షెడ్డులో అంతమంది లేరు. చట్టం మాకిచ్చిన మినహాయింపును కంపెనీ ఒప్పుకోదు. రోలరు బిగించడానికి మా మనిషి లోపలికి పోవాలంటే పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టిన చలాన్లు చూపాలి, లేకపోతే గేటు పాసు లేదు. జీఎస్టీలోనూ ఇదే తీరు. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి రిటర్న్ వేసుకోవచ్చని కేంద్రం వెసులుబాటు ఇచ్చింది. అది మాకు కాగితం మీదే ఉంది. "నెలనెలా వేయకపోతే మీ బిల్లు మీది పన్నును మేం కట్టే పన్నులో తగ్గించుకునే క్రెడిట్ ఆగిపోతుంది, మీ బిల్లులో పన్ను భాగం ఆపుతాం" అంటారు. ప్రభుత్వం చిన్నవాళ్లని తగ్గించిన ప్రతి బరువునూ పెద్ద కంపెనీలు తిరిగి మా నెత్తినే పెడుతున్నాయి సార్. దీన్ని గమనించే అధికారి ఒక్కరూ లేరా?

ఇన్ని కాగితాలూ ఇచ్చాక జీఆర్‌ఎన్ అనేది ఒకటి పడాలి. సరుకు అందిందని కంపెనీ తన కంప్యూటర్లో ఎక్కించుకునే కాగితం అది. మేం ఇవ్వలేని, వాళ్లు మాత్రమే ఇవ్వగల ఒకే ఒక్క కాగితం. క్వాలిటీ వాళ్లు సంతకం పెట్టాలి, ఆయన లీవులో ఉంటాడు. ఆయన వచ్చేసరికి స్టోర్స్‌లో స్టాక్ లెక్క జరుగుతుంటుంది. అదయ్యేసరికి నెలాఖరు, ఎంట్రీలు బంద్. ఈలోగా మా రోలరు బెల్టు కింద తిరుగుతూనే ఉంటుంది, అరుగుతూనే ఉంటుంది. రికార్డులో మాత్రం అది ఇంకా ఫ్యాక్టరీకి చేరనే లేదు. జీఆర్‌ఎన్ పడిన రోజు నుంచి లెక్కపెడతారు. అదీ 45 రోజులు కాదు, పీవో మీద 90 రోజులని ముందే అచ్చు వేసి ఉంటుంది.

ఆ 45 రోజుల గడువు పెట్టిన 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ఏమంటుందో మా ఆడిటరు చదివి వినిపించాడు. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే ఒప్పుకున్న రోజు. జీఆర్‌ఎన్ అనే మాటే అందులో లేదు. ఒప్పందం ఏం రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదని 15వ సెక్షన్. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలని 16వ సెక్షన్. చట్టంలో మాకు లోటేమీ లేదు. ఆ 90 రోజుల పీవో మాత్రం మా చేతికి నిన్న కూడా వచ్చింది.

అదే మా వైపు గడువు ఎలా ఉందో చూడండి. బిల్లు కొట్టిన మరుసటి నెల 20వ తేదీకల్లా జీఎస్టీ కట్టాలి. డబ్బు వచ్చిందా లేదా అనేది ఎవరికీ పట్టదు. లక్ష రూపాయల బిల్లుకు 18 వేలు ముందు మా జేబులోంచి పోతుంది. ముడిసరుకు మీద కట్టింది తీసేసినా, మా పనితనం మీద, కూలీ మీద పడే పన్ను మొత్తం చేతినుంచి కట్టినట్టే. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ. మేం కట్టిన ఆ పన్నును కంపెనీ క్రెడిట్‌గా వాడేసుకుంటుంది. మాకు డబ్బివ్వకపోతే ఆ క్రెడిట్ వెనక్కి కట్టాలని రూలుంది, కానీ దానికి వాళ్లకిచ్చిన గడువు 180 రోజులు. మాకు 20వ తేదీ, వాళ్లకు 180 రోజులు. ఈ రెండు గడువుల మధ్య నలిగేది మా షెడ్డే. శనివారం వస్తే వారం డబ్బులివ్వాలి. "అన్నా, ఈ వారం కూడా సగమేనా?" అని టర్నరు అడిగితే జీఆర్‌ఎన్ పడలేదని ఏ ముఖంతో చెప్పేది? పదిహేనేళ్లుగా లేత్ మీద చేయి తిరిగినవాళ్లు బెంగళూరుకు, హోసూరుకు పోతున్నారు. వాళ్లను ఆపే హక్కు నాకు లేదు. పని నేర్చుకుందామని వచ్చే పిల్లలు కూడా తగ్గిపోయారు, ఈ షెడ్డుల్లో డబ్బులు వేళకు రావని ఊరందరికీ తెలిసిపోయింది.

సమాధాన్ పోర్టల్‌లో పెట్టుకోవచ్చు కదా అని మీ అధికారులు అంటారు. పెట్టుకోవచ్చు. ఫిర్యాదు ఎక్కించగానే నోటీసు కంపెనీకి పోతుంది, మా పేరుతో. ఆ తర్వాత కంపెనీ కంప్యూటర్లో మా వెండర్ కోడ్ తెరుచుకోదు. ఎవరూ తిట్టరు, ఎవరూ బెదిరించరు, ఎంక్వయిరీ మెయిల్ రావడం ఆగిపోతుంది, అంతే. ఈ ఫిర్యాదులు విచారించే కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని 18వ సెక్షన్ చెబుతుంది. అది తేలేలోపల మా షెడ్డుకు తాళం పడుతుంది. ఈ ఉత్తరం కింద నా పేరు లేకపోవడానికి కారణం కూడా అదే. నా పేరు కావాలంటే మీ ఎదుట కూర్చుని చెబుతాను, బిల్లులన్నీ చూపిస్తాను.

ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) తెచ్చినప్పుడు చాలా సంతోషపడ్డాం. మాకు గడువులోపల ఇవ్వకపోతే ఆ ఖర్చును కంపెనీని ఆ ఏడాది పన్ను లెక్కలో చూపుకోనివ్వమన్నారు. ఇక మన డబ్బు మార్చిలోపల వస్తుందనుకున్నాం. ఒక కంపెనీ ఏం చేసిందంటే, ఉద్యమ్ నంబరు ఉన్న చిన్న యూనిట్లకు ఆర్డర్లు తగ్గించి ట్రేడర్ల దగ్గర కొనడం మొదలుపెట్టింది. ఆ ట్రేడరు మళ్లీ మా దగ్గరే చేయించుకుంటాడు, తక్కువ రేటుకు. ఇంకోచోట కొనుగోళ్ల విభాగంలో ఒకాయన ఉద్యమ్ క్యాన్సిల్ చేసుకో, పనిస్తామని నేరుగానే అన్నాడు. మమ్మల్ని కాపాడే సర్టిఫికెట్టే మాకు అడ్డమైంది. ట్రెడ్స్‌లో మా బిల్లు ఎక్కించండి, బ్యాంకు దగ్గర ముందుగా డబ్బు తీసుకుంటామని అడిగితే అది హెడ్డాఫీసు నిర్ణయమంటారు. టర్నోవరు 250 కోట్లు దాటిన కంపెనీలు అందులో చేరాలన్నారు, చేరాయి. చేరాక మా బిల్లును ఒప్పుకోవాలని ఎవరూ చెప్పలేదు.

అయ్యా, 175 నియోజకవర్గాల్లో ఎంఎస్‌ఎంఈ పార్కులు పెడతామన్నారు. ఇంటికొక పారిశ్రామికవేత్త అన్నారు. మంచి మాటే, మా పిల్లలకూ షెడ్డు వస్తే సంతోషమే. కానీ ఆ కొత్త పార్కులో షెడ్డు వేసే కుర్రాడు కూడా రేపు ఇదే స్టోర్స్ కిటికీ దగ్గర ఇదే ఫైలు పట్టుకుని నిలబడతాడు. అతనికి ప్లాటు ఇచ్చే ముందు ఆ కిటికీ సంగతి చూడండి.

మేం అడిగేది కొత్త స్కీము కాదు. సబ్సిడీ కూడా కాదు. పెద్ద పరిశ్రమలకు మీ ప్రభుత్వం రాయితీలిస్తుంది, భూములిస్తుంది, గనుల లీజులిస్తుంది, అనుమతులను రెన్యువల్ చేస్తుంది. వాటిలో ఏది విడుదల చేసే ముందైనా ఒక్క కాగితం అడగండి: రాష్ట్రంలోని చిన్న యూనిట్లకు 45 రోజులు దాటిన బాకీ లేదని ఆడిటరు సంతకంతో సర్టిఫికెట్. ఇందుకు వాళ్లు కొత్తగా లెక్క తయారుచేయాల్సిన పని కూడా లేదు. చిన్న యూనిట్లకు ఎంత బాకీ ఉన్నామో, దానికి వడ్డీ ఎంతో ఏటా తమ లెక్కల్లో చూపాలని 22వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఉన్న లెక్కనే మీ ముందు పెట్టమనండి. ఆ తేదీలు జీఆర్‌ఎన్ నుంచి కాక, గేటు దగ్గర సరుకు దిగిన రోజు నుంచి లెక్కకట్టమనండి. నాలుగు పిన్నుల బిల్లుకు మా దగ్గర అన్ని కాగితాలు అడిగేవాళ్లు, కోట్ల రాయితీకి ఒక్క కాగితం ఇవ్వలేరా? అడగాల్సింది మీరు. మేం అడిగితే ఆర్డరు పోతుంది, మీరు అడిగితే పోయేదేమీ లేదు.

రెండోది, చిన్న యూనిటు పేరు బయటపడకుండా సంఘం ద్వారా గానీ, జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా గానీ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేరే దారి ఒకటి వేయండి. లేదంటే మీ అధికారులనే ఆ కంపెనీల బాకీల పుస్తకాలు నేరుగా చూడమనండి. వెండర్ రిజిస్ట్రేషన్‌కు రాష్ట్రమంతా ఒకే ఫైలు చెల్లేటట్టు చేయండి, టెస్ట్ సర్టిఫికెట్ ఆర్డరుతో పాటే అడగాలి తప్ప బిల్లు దగ్గర అడగకూడదని చెప్పండి. ఇందులో ఏది మీ చేతిలో ఉందో, ఏది కేంద్రం చేతిలో ఉందో మాకంటే మీకే బాగా తెలుసు. కేంద్రం చేతిలో ఉన్నదానికి మీరొక ఉత్తరం రాయండి. మీ చేతిలో ఉన్నదానికి మాత్రం ఉత్తర్వు కావాలి. ఆ బాకీ లేదనే సర్టిఫికెట్ అడగడం పూర్తిగా మీ చేతిలోనే ఉంది.

కడపకు మీరు వచ్చినప్పుడు మమ్మల్ని కలెక్టరేట్‌లో మీటింగుకు పిలవకుండా, ఎస్టేట్‌లోకి ఒక గంట రండి. ఏ షెడ్డులోకైనా పోయి బిల్లుల ఫైలు అడగండి. చలాన్ తేదీ, జీఆర్‌ఎన్ తేదీ, డబ్బు పడిన తేదీ మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తాం. దయచేసి వచ్చే రాయితీ ఫైలు మీద సంతకం పెట్టేలోపే ఆ పని చేయండి సార్.

ఇట్లు,
ఒక లేత్ వర్క్‌షాప్ యజమాని,
ఇండస్ట్రియల్ ఎస్టేట్, కడప