భూటాన్ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

కరోనాలో మా ప్రైవేటు బడి మూతపడింది. పదకొండేళ్లు లెక్కలు చెప్పిన నేను చివరికి పాఠం వదలలేక 2023లో భూటాన్ వెళ్లాను. బెంగాల్‌లోని జైగావ్ నుంచి సరిహద్దు గేటు దాటితే భూటాన్ ఊరు ఫుంట్‌షోలింగ్. వీసా అక్కర్లేదు, పర్మిట్ చాలు. మన రూపాయి, వాళ్ల నుల్ట్రమ్ విలువ ఒకటే. వాళ్ల జాతీయ భాష జోంఖా తప్ప మిగతా పాఠాలన్నీ ఇంగ్లిషులోనే కాబట్టి నాకు భాష అడ్డు రాలేదు. చలికి మాత్రం మొదటి ఏడాది వేళ్లు కొంకర్లు పోయి సుద్దముక్క పట్టలేకపోయాను. వాళ్ల సంప్రదాయ దుస్తులు ఘో, కీరా కట్టుకుని కొండ ఎక్కి వచ్చే పిల్లలను చూస్తే అదీ మరిచిపోయేదాన్ని.

1960ల నుంచీ అక్కడి బడులను నిలబెట్టినవారిలో మన టీచర్లు, ముఖ్యంగా కేరళవాళ్లు, ఎందరో. ఇప్పుడు భూటాన్ టీచర్లే ఆస్ట్రేలియాకు వెళ్తుండటంతో మళ్లీ మనవాళ్ల అవసరం పడింది.

అమ్మకు ఒంట్లో బాగోలేక ఈ మధ్యే తిరిగొచ్చాను. ఇంటర్వ్యూకి పిలిచిన రెండు బడులూ ఆ సర్వీసు చెల్లదన్నాయి. కొత్త టీచరు జీతమే ఇస్తామన్నాయి. పొరుగు దేశపు ప్రభుత్వ బడిలో చెప్పిన పాఠం పాఠం కాదా? అక్కడి సర్వీసు సర్టిఫికెట్లను గుర్తించేలా విద్యాశాఖ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి.

- ఒక లెక్కల టీచరు, శ్రీకాకుళం