చేపు అనే మాట తల్లికీ గేదెకీ ఒక్కటే

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాలుగా మీ ఉత్తరాల పేజీలో మనిషి ప్రాణం, పశువు ప్రాణం మీద వాదన నడుస్తోంది. తల్లిప్రేమ అని గొప్పగా చెప్పుకుంటాం గానీ అదంతా ఒక హార్మోన్ చేసే పని, మనిషిలో అయినా గొడ్డులో అయినా రసాయనమే అని ఒకాయన రాశారు. మనిషిని దేవుడు వేరుగా చేశాడు, పశువుతో పోల్చడమే తప్పు, ఈ సైన్సు వల్లే భక్తి పోతోంది అని ఇంకొకాయన జవాబిచ్చారు. రెండూ చదివి నాలుగు రోజులు ఊరుకుందామనుకున్నాను, మనసు ఒప్పలేదు.

నేను కోనసీమ పల్లెల్లో ముప్పై నాలుగేళ్లు ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యాను. కాన్పులు చేశాను. మా ఇంట్లో గేదెలు ఉండేవి, ఇప్పటికీ ఒకటి ఉంది. మీ పేజీలో వాదించుకుంటున్న ఆ హార్మోన్ నా చేతుల మీదుగా కొన్ని వందల మంది తల్లుల ఒంట్లోకి వెళ్లింది. అందుకే రాస్తున్నాను.

దాని పేరు ఆక్సిటోసిన్. తొమ్మిది అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన చిన్న దండ. విన్సెంట్ డు విగ్నో అనే అమెరికా శాస్త్రవేత్త 1953లో దాన్ని ల్యాబులో తయారుచేసి చూపించాడు, 1955లో ఆయనకి నోబెల్ వచ్చింది. మనిషిలో, ఆవులో, గేదెలో అదే దండ, ఒక్క పూస కూడా తేడా లేదు. బిడ్డ బయటపడిన నిమిషంలో తల్లి తొడకి పది యూనిట్లు ఇస్తాం. గర్భసంచి ముడుచుకుంటుంది, రక్తం ఆగుతుంది. సూది వేశాక పొట్ట మీద చెయ్యి పెడితే మెత్తగా ఉన్న గర్భసంచి కొబ్బరిబోండంలా గట్టిపడటం తెలుస్తుంది. ఆ గట్టిదనం చేతికి తగిలేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. నా సర్వీసులో అంతకంటే మేలు చేసిన మందు నేను చూడలేదు.

ఇక పాల సంగతి. ఒక పంతొమ్మిదేళ్ల పిల్లకి మొదటి కాన్పు. మూడో రోజుకి రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి, పాలు మాత్రం దిగడం లేదు. వాళ్ల అత్తగారు గుమ్మంలో నిలబడి, "మా ఇంట్లో ఎవరికీ ఇలా అవలేదమ్మా, డబ్బా పాలు పట్టించేద్దాం" అంటూనే ఉంది. ఆ పిల్ల టెన్షన్‌తో చెమటలు కక్కుతోంది. "పిన్నిగారూ, మీరు కాసేపు వరండాలో కూర్చోండి" అని పెద్దావిడని పంపేసి, తలుపు వారగా వేసి, బిడ్డని బట్టలు లేకుండా తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టాను. పావుగంటకి బిడ్డ నోట్లో ఉన్న రొమ్ముతో పాటు రెండో వైపు కూడా జాకెట్టు తడిసింది. "అక్కా, చేపుకొచ్చిందక్కా" అంది ఆ పిల్ల, ఏడుస్తూ నవ్వుతూ.

చేపు అంటే పాలు దిగడం. ఈ మాట మనం తల్లికీ అంటాం, గేదెకీ అంటాం. ముర్రుపాలు కూడా అంతే, మాయ కూడా అంతే. బిడ్డ ఏడుపు విన్నా, వాసన తగిలినా తల్లి మెదడు నుంచి ఆక్సిటోసిన్ రక్తంలోకి వస్తుంది, పాలు దిగుతాయి. భయం పుడితే అడ్రినలిన్ వచ్చి ఆ దారి మూసేస్తుంది. గేదెలో ఇది ఇంకా గట్టిగా కనిపిస్తుంది. దాని పాలు దాదాపు అన్నీ పొదుగు పైభాగంలోనే ఉంటాయి, చనుకట్ల దగ్గర నిలవ ఉండేవి బహు తక్కువ. చేపితేనే పాలు. కొత్త మనిషి వచ్చినా, కుక్క అరిచినా, దూడ కనిపించకపోయినా బిగబట్టుకుంటుంది. అది రసాయనమేనని రాసినాయన మాట అబద్ధం కాదు. కానీ ఆ రసాయనం కదలాలంటే ఒక బిడ్డ కావాలి, భయం లేని చోటు కావాలి. అది తెలిశాక నాకు ఆ పిల్ల మీదా, గేదె మీదా గౌరవం పెరిగింది గానీ తగ్గలేదు.

మా ఇంట్లో జరిగినదొకటి చెప్పాలి. 1993 సంక్రాంతికి ముందు మా గేదె ఈనింది. దున్నదూడ పుట్టింది. పండక్కి ఆడపడుచులు వచ్చి ఉన్నారు, మొదటి రెండు రోజుల పాలూ జున్నుకి పోయాయి. "దున్నదూడకెందుకే అన్నేసి పాలు" అన్నారు మా అత్తయ్య. నేను ఏమీ అనలేదు. పన్నెండో రోజుకి దూడ పారుడు పట్టుకుని చచ్చిపోయింది.

గేదె చేపడం మానేసింది. మా ఆయన ఆ దూడ తోలు వలిపించి, ఎండుగడ్డి కుక్కించి, గోనె దారంతో కుట్టించి తెచ్చారు. కాళ్లకి వెదురు పుల్లలు. కళ్ల చోట కుట్లు. పాలు పితికేముందు దాని మీద ఉప్పునీళ్లు చల్లి గేదె ముందు పెట్టేవాళ్లు. గేదె నాకేది, చేపేది. కొన్నాళ్లకి ఆ నాకుడుకి వీపు మీద వెంట్రుకలు పోయి తోలు నున్నగా తేలింది. ఒకరోజు తెల్లవారుజామున నేను లాంతరు పట్టుకుని నిలబడ్డాను. కుట్టు ఊడి డొక్కలోంచి గడ్డి బయటికి వచ్చింది. గేదె ఆ గడ్డి పరక లాగి తిన్నది. నములుతూనే మళ్లీ ఆ వీపు నాకింది. పాలు చేపింది.

అదే వారం నేను ఊళ్లో ఇంటింటికీ తిరిగి, ముర్రుపాలు పారబోయకండమ్మా, బిడ్డకి మొదటి టీకా అవే అని చెబుతున్నాను.

ఇంకో విషయం నాకు ఆ తర్వాత పశువుల డాక్టరు గారు చెబితేనే తెలిసింది. మనిషి బిడ్డకి రోగాలని ఆపే శక్తి కొంత తల్లి కడుపులో ఉండగానే మాయ ద్వారా అందుతుంది. దూడకి అలా అందదు, గొడ్ల మాయ కట్టడి వేరు. దూడ దాదాపు ఏ రక్షణా లేకుండా పుడుతుంది. దానికి రావాల్సిందంతా ముర్రుపాలలోనే రావాలి, అదీ మొదటి కొన్ని గంటల్లోనే. ఒక రోజు గడిచిందంటే దూడ పేగు ఆ రక్షణని లోపలికి తీసుకునే శక్తి పోగొట్టుకుంటుంది, తర్వాత ఎన్ని పాలు పట్టినా ఆ లోటు తీరదు. అంటే ముర్రుపాలు మన బిడ్డకంటే దూడకే ఎక్కువ అవసరం. మేం వాటికి బెల్లం, మిరియాలు కలిపి ఆవిరి మీద ఉడికించుకుని తిన్నాం.

ఇప్పుడు గడ్డి కుక్కిన దూడలు తగ్గాయి. వాటి చోటుకి ఆక్సిటోసిన్ సూది వచ్చింది. మా చుట్టుపక్కల కొన్ని పాకల్లో చూరుకి ఒక ప్లాస్టిక్ సీసా వేలాడుతుంది. పేరుండదు, తేదీ ఉండదు. మేం ఫ్రిజ్‌లో పెట్టి లెక్క రాసి వాడిన మందు అక్కడ ఎండలో ఉంటుంది. పూటకొకసారి గేదె మెడకి గుచ్చుతారు. అలవాటు పడ్డ గేదె సూది లేనిదే చేపదు. ఆ మందు గర్భసంచి మీద కూడా పనిచేస్తుందని కాన్పులు చేసినదాన్ని నాకు తెలుసు. ఇక దూడ ఉన్నా లేకపోయినా ఒకటే కాబట్టి దున్నదూడని పస్తు పెట్టి వదిలేస్తున్నారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూది వెయ్యడం నేరం, రెండేళ్ల దాకా జైలు ఉంది. ఆ సంగతి మా ఊళ్లో ఎవరినైనా అడగండి, తెలిసినవాళ్లు ఒక్కరు దొరకరు.

ఈ సూది పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారని ఒక ప్రచారం ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. ఆక్సిటోసిన్ నోటితో పోతే కడుపులో మిగతా మాంసకృత్తుల్లాగే అరిగిపోతుంది. మనకి హాని అంటేనే జనం వింటారని కొందరు మంచి ఉద్దేశంతోనే ఈ మాట చెబుతున్నారు. నా బాధల్లా, హాని గేదెకి జరుగుతోందంటే అది చాలదా అని.

నేను జంతువుల మీద ప్రయోగాలే వద్దనే మనిషిని కాను. మా నాయనమ్మకి బోదకాలు. డెల్టాలో మురుగు కాలువ పక్కన పెరిగినవాళ్లకి ఆ కాలు తెలుసు. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూటే పై రక్తంలోకి వస్తాయి, అందుకే రాత్రి పదింటి తర్వాత ఇళ్లకి వెళ్లి నిద్రలేపి వేలి రక్తం తీసేవాళ్లం. 2004 నుంచి ఏడాదికోసారి డీఈసీ మాత్రలు ఇంటింటికీ మింగించాం, పెద్దవాళ్లకి మూడు. ఆ మందు బోదకాలుకి పనికొస్తుందని కనిపెట్టింది అమెరికాలో యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన బృందం. 1895లో మన భీమవరంలో పుట్టిన మనిషి. నేను గర్భిణీలకి పంచిన ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం తయారీ వెనకా ఆయనే ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్న ఆయన మందుల దారి పట్టారు. భక్తి ఒక గదిలో, సైన్సు ఇంకో గదిలో ఉండాలని ఆయన్ని చూస్తే అనిపించదు నాకు.

ఆ డీఈసీని 1947 ప్రాంతంలో ముందు ఎలుకల మీద, కుక్కల మీద వాడి చూశారు, బోదపురుగుకి దగ్గరి జాతి పురుగులున్న వాటి మీద. ఎలుక ఒంట్లో పనిచేసింది మా నాయనమ్మ లాంటివాళ్ల ఒంట్లో పనిచేసిందంటే రెండు ఒళ్లూ అంత దగ్గర కాబట్టే. అంత దగ్గరైనప్పుడు ఎలుకకి నొప్పి లేదని ఎలా అంటాం? ఆ ఎలుకలకి మనం రుణపడ్డాం అనుకుంటాను. ఒక జబ్బు పోవడానికి తప్పనిసరై చేసినదానికీ, పూటకి అర లీటరు ఎక్కువ రావాలని గుచ్చిన సూదికీ నేను ఒకే లెక్క వెయ్యలేను.

దేవుడు మనిషిని వేరుగా చేశాడని రాసినాయనకి ఒక మాట. నేను చర్చికి వెళ్లే మనిషిని. పాత నిబంధనలో లేవీయకాండంలో దూడ గానీ గొర్రెపిల్ల గానీ పుడితే ఏడు రోజులు తల్లి దగ్గరే ఉండాలని ఉంది. అది బలి గురించి చెప్పిన చోటే, దాచను. బలికి తెచ్చే పశువుకి కూడా ముందు తల్లి పాలు తాగే వారం రోజులు ఇచ్చారు. మా పక్కింటి వదినగారు కనుమ నాడు గొడ్లకి పసుపు బొట్టు పెడతారు, మనవలకి ఆవు పులి కథ చెబుతారు. ఆ ఆవు పులిని అడిగిందేమిటి, ప్రాణం వదలమని కాదు కదా, బిడ్డకి పాలిచ్చి వస్తానని. పులి ఒప్పుకుంది.

ఇప్పుడు ఆడదూడలే ఎక్కువ పుట్టేలా వేరుచేసిన వీర్యం వచ్చింది. పెయ్య పుట్టించే కణంలో డీఎన్ఏ కాస్త ఎక్కువ ఉంటుంది, మిషన్ ఆ తేడా పట్టి విడదీస్తుంది. పదికి తొమ్మిది పెయ్యలే. ఇది దేవుడి పనిలో వేలు పెట్టడమేనని మా చర్చిలో కొందరన్నారు. మా అమ్మాయి ఇంకో రకంగా అడిగింది: "అమ్మా, కడుపులో బిడ్డ ఆడో మగో చూడటమే నేరమని ముప్పై ఏళ్లు చెప్పావు, ఇప్పుడు గేదెకి ఎంచుకోమంటున్నావా?" ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఆ పరీక్షల్ని ఆపే పీఎన్‌డీటీ చట్టం 1994లో వచ్చింది, కడుపులో పడ్డ ఆడబిడ్డని తీసేస్తున్నారని. ఇక్కడ కడుపులో పడ్డదేదీ పోదు. పుట్టాక పన్నెండు రోజులు ఆకలితో అరిచి చచ్చే దూడ కంటే అసలు పడని దూడ మేలని నా మనసుకి తోచింది. ఇంకొకరికి ఇంకోలా తోచవచ్చు, అది మీ పేజీలో చర్చించాల్సిన విషయం.

అందుకని నా మనవి. ఆ వీర్యం ఏ పశువైద్యశాలలో దొరుకుతుంది, రైతుకి ఎంత పడుతుంది, చూడి కట్టే అవకాశం ఎంత అన్నవి పశుసంవర్ధక శాఖ వారిని అడిగి మీ జిల్లా పేజీలో వెయ్యండి. పేరులేని సీసాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మీ విలేకరులు చూడండి. ముర్రుపాలు మొదటి గంటల్లో దూడ బరువులో పదో వంతు పట్టాలన్న ఒక్క ముక్క పండగ ముందు పెద్దక్షరాలతో వెయ్యండి.

మా గేదెకి ఈ నెలాఖరుకి నెలలు నిండుతాయి. జున్ను కావాలని ఇప్పటికే ముగ్గురు గిన్నెలు పంపారు. దూడ తాగాక మిగిలితేనే, అదీ రెండో రోజు సాయంత్రం రమ్మన్నాను. అప్పటి పాలతో జున్ను కాస్త పల్చగా తోడుకుంటుంది, వాళ్లకి ఆ మాట కూడా చెప్పాను.

నా పేరు వెయ్యవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
ముమ్మిడివరం దగ్గర, కోనసీమ